లంబసింగి పొగమంచుకు, తోట దారికి ఏ లైట్లు?

ప్రశ్న: మాది నర్సీపట్నం. చింతపల్లి దగ్గర చిన్న కాఫీ తోట ఉంది. 2021లో కొన్న థార్‌లో వారానికి రెండు మూడుసార్లు తోటకు వెళ్లి వస్తుంటాను. కోతల కాలంలో తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి ఘాట్‌లో బానెట్ అవతల ఏముందో కనిపించనంత పొగమంచు ఉంటుంది. తారురోడ్డు దిగాక తోట దాకా నాలుగు కిలోమీటర్లు రాళ్లూ గోతులూ నిండిన మట్టిదారి. అదనపు లైట్లు పెట్టించుకుందామని విశాఖపట్నంలో ఒక దుకాణానికి వెళితే, టాపు మీద 50 అంగుళాల ఎల్‌ఈడీ బార్ బిగిస్తే పట్టపగలులా ఉంటుందన్నారు. మిత్రుడు ఒకరు పసుపు లైట్లు పెట్టమంటున్నారు. మరొకరు బంపర్ మీద పెద్ద స్పాట్ లైట్లు చాలంటున్నారు. 20 వేల రూపాయల లోపు ఏది మంచిది? పోలీసులతో ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సమాధానం: ముందుగా ఒక్క మాట. ఆ 50 అంగుళాల బార్ కొనకండి. దుకాణంలో వెలిగించి చూపించినప్పుడు అది అద్భుతంగానే కనిపిస్తుంది. కానీ మీరు బండి నడిపేది పొగమంచులో, అదీ ఘాట్ మలుపుల్లో. అక్కడ ఆ లైటు మీకు కనిపించే దారిని కూడా కనిపించకుండా చేస్తుంది.

పొగమంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బిందువులు. లైటు వాటి మీద పడగానే నలువైపులా చెదురుతుంది. అందులో కొంత వెనక్కి తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. టాపు మీద ఉన్న లైటు మీ కంటికి బాగా దగ్గరగా, కంటి కంటే ఎత్తులో ఉంటుంది. కాబట్టి మీ చూపు ఏ దారిన పోతుందో, ఆ దారి పొడవునా ఉన్న మంచునంతా అది వెలిగిస్తుంది. కళ్ల ముందు తెల్లటి గోడ లేస్తుంది. లైటు శక్తి పెంచిన కొద్దీ గోడ మరింత తెల్లబడుతుందే తప్ప రోడ్డు కనిపించదు. హై బీమ్ వేసినప్పుడు జరిగేది కూడా ఇదే. ఘాట్‌లో మీరు ఈపాటికి గమనించే ఉంటారు.

అదే లైటు బంపర్ దిగువన, నేలకు దగ్గరగా ఉంటే సంగతి మారుతుంది. కాంతి నేలబారుగా పరుచుకుంటుంది. మీ చూపు దాని పైనుంచి వెళ్లి, చివరికి రోడ్డు మీదనే ఆ కాంతిని కలుస్తుంది. మధ్యలో వెలిగే మంచు బాగా తగ్గిపోతుంది. అయితే లైటు పైఅంచు కత్తితో కోసినట్టు ఉండాలి. ఆ గీతకు పైన కాంతి పోకూడదు. అసలైన ఫాగ్ ల్యాంపు అంటే ఇదే: ఎడమకూ కుడికీ బాగా వెడల్పుగా, పైకి మాత్రం ఏమీ పోకుండా పడే లైటు. దాని రంగు ఏదన్నది ఆ తర్వాతి మాట.

పసుపు గురించి మీ మిత్రుడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పసుపు కాంతి మంచును చీల్చుకుని వెళుతుందన్నది చాలామంది నమ్మకం. అది సరికాదు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అంత పెద్ద బిందువులు అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అందుకే పొగమంచు మనకు తెల్లగా కనిపిస్తుంది. ఇక మిగతా సగం మాటకొస్తే, నీలం ఎక్కువగా ఉన్న తెల్లటి కాంతి తిరిగొచ్చి కంట్లో పడినప్పుడు చిరాకు, అలసట ఎక్కువ. పసుపు లైటులో ఆ నీలం బాగా తక్కువ కాబట్టి గంటసేపు నడిపినా కళ్లకు హాయిగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 వరకు కార్ల హెడ్‌లైట్లు పసుపువే ఉండాలన్న నిబంధన నడిచింది. మీకు నేను చెప్పేదీ పసుపే. కాంతి రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె తగ్గిన కొద్దీ పసుపు, పెరిగిన కొద్దీ నీలం ఎక్కువ. 3000 కెల్విన్ దగ్గర ఉన్నవి తీసుకోండి. 6000, 6500 కెల్విన్ అని రాసి ఉన్నవి మీ దారికి పనికిరావు. అయితే పైఅంచు కోసినట్టు లేని పసుపు లైటు కంటే, ఆ అంచు సరిగ్గా ఉన్న తెల్లటి లైటే పొగమంచులో మేలు. రెండూ కుదిరిన జత దొరుకుతుంది, దానికోసం వెతకండి.

ఎలా గుర్తుపట్టాలి? పెట్టె మీద ఫాగ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఫాగ్ ల్యాంపు కాదు. నాలుగో ఆరో ఎల్‌ఈడీలున్న చిన్న చదరపు లైట్లకు పసుపు అద్దం బిగించి ఆ పేరుతో అమ్ముతున్నారు. అవి అన్ని వైపులకూ కాంతి చిమ్మే లైట్లు. దుకాణంలోనే బ్యాటరీకి కలిపి, కాస్త దూరంగా ఉన్న గోడ మీద వేసి చూపించమనండి. గోడ మీద అడ్డంగా, వెడల్పుగా పట్టీ పడాలి. దాని పైఅంచు గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. గీతకు పైన చీకటి, కింద వెలుగు. గుండ్రంగా వెలుగు ముద్ద పడితే తిరిగి ఇచ్చేయండి. అద్దం మీద అచ్చుపోసిన గుర్తులు కూడా చూడండి. వృత్తంలో ‘ఈ’ అనే ఆంగ్ల అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది ఐరోపా ప్రమాణాల ప్రకారం పరీక్షకు నిలిచిన లైటు. దాని పక్కన ‘బీ’ గానీ ‘ఎఫ్3’ గానీ ఉంటే ఫాగ్ ల్యాంపుగా ఆమోదం పొందినట్టు. మీ థార్ ముందు బంపర్‌లో కంపెనీవారు ఫాగ్ ల్యాంపుకు ఇచ్చిన చోటు ఉంటే అక్కడే సరిపోయేవి తీసుకోండి. బంపర్‌కు రంధ్రాలు చేసే పని తప్పుతుంది.

కొనే ముందు మీ బండి హెడ్‌లైట్ల సంగతి చూడాలి. ఈ మాట ఏ దుకాణంలోనూ చెప్పరు, ఎందుకంటే అమ్మడానికి అందులో ఏమీ లేదు. మీ థార్‌కు వచ్చేది హెచ్4 హాలోజన్ బల్బు, హై బీమ్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. హాలోజన్ బల్బు వోల్టేజీకి చాలా సున్నితం. పాత వైర్లలోనో, మురికి పట్టిన కనెక్టర్‌లోనో పదో వంతు వోల్టేజీ పోతే, వెలుగులో దాదాపు మూడో వంతు పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మల్టీమీటర్‌తో మొదట బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు హోల్డర్ దగ్గర కొలిపించండి. రెండింటి మధ్య ఒక వోల్టు తేడా ఉన్నా బాగు చేయించాల్సిందే. కనెక్టర్లు శుభ్రం చేయించి, ఎర్త్ గట్టిగా బిగించి, హెడ్‌లైట్లకు విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి) వైరింగు వేయిస్తే కొత్త బండిలా వెలుగుతాయి. అద్దం పసుపెక్కి ఉంటే పాలిష్ పట్టించండి. 100/90 వాట్ల బల్బులు మాత్రం వేయించకండి. ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ మెరుపు పోతుంది. హెచ్4 హోల్డర్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడమూ వద్దు. ఆ రిఫ్లెక్టర్‌ను హాలోజన్ తీగ ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి తయారుచేశారు. ఎల్‌ఈడీ చిప్ కచ్చితంగా అదే చోట, అదే ఆకారంలో ఉండదు. వెలుగు దారి తప్పి ఎదుటివారి కళ్లలో పడుతుంది, మీకు మాత్రం రోడ్డు మీద మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ఇక స్పాట్ లైట్లు, అంటే సన్నగా, చాలా దూరానికి పడే లైట్లు. ఎడారిలో తిన్నని దారి మీద వంద కిలోమీటర్ల వేగంతో పోయేవారికి అవి కావాలి. అంత వేగంలో మూడు నాలుగు వందల మీటర్ల ముందు ఏముందో తెలియాలి కదా. మీ ఘాట్‌లో అంత దూరం తిన్నగా ఉన్న రోడ్డు ఎక్కడుంది? హెయిర్‌పిన్ మలుపు తిరుగుతుంటే స్పాట్ లైటు లోయలోని చెట్ల కొమ్మలను వెలిగిస్తుంది. మీరు చూడాల్సిన కల్వర్టు గోడ, పక్క కాలువ, మలుపు లోపలి అంచు చీకట్లోనే ఉంటాయి. అక్కడ కావాల్సింది వెడల్పు. మంచి ఫాగ్ ల్యాంపు ఆ పని కూడా చేస్తుంది, మంచు లేని రోజున సైతం.

తోట దారిలోనూ అంతే. గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో రాళ్ల మీద పోయేటప్పుడు మీకు తెలియాల్సింది ఏ గొయ్యి ఎంత లోతుందన్నది. గోతిని కంటికి పట్టించేది దాని నీడ. కిందనుంచి, ఏటవాలుగా పడే లైటు ప్రతి రాయికీ ప్రతి గోతికీ పొడవాటి నీడ ఇస్తుంది. పైనుంచి పడే బార్ లైటులో నీడలు కురచబడి నేలంతా చదునుగా కనిపిస్తుంది. చక్రం దిగాకే గొయ్యి తెలుస్తుంది. పైగా ఆ లైటు బానెట్ మీద పడి మెరుస్తుంది. ముందు మెరుపు ఎక్కువైతే కంటిపాప చిన్నదై, దూరాన ఉన్న చీకటి మరింత చిక్కబడుతుంది. ఎండాకాలంలో ముందు పోయే జీపు లేపిన దుమ్ములోనూ అదే తెల్లగోడ.

అంటే మీ రెండు అవసరాలకూ చాలావరకు ఒక్క జత ఫాగ్ ల్యాంపులే సరిపోతాయి. డబ్బు మిగిలితే, తోట దారికోసం మాత్రమే, బంపర్ ఎత్తులో వెడల్పు బీమ్ ఉన్న చిన్న ఎల్‌ఈడీ జత పెట్టుకోండి. వాటిని కొంచెం బయటి వైపుకు తిప్పి బిగిస్తే మలుపు లోపలి అంచు కనిపిస్తుంది. వాటికి స్విచ్చి వేరుగా ఉండాలి, తారురోడ్డు ఎక్కేముందు కప్పులు వేయాలి.

ఎల్‌ఈడీలు కొనేటప్పుడు పెట్టె మీది అంకెలు నమ్మకండి. 180 వాట్లు అని రాసిన లైటు 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు తీసుకోవాలి. దుకాణంలో క్లాంప్ మీటర్ ఉంటే వైరు చుట్టూ పెట్టి చూడండి. మూడు నాలుగు ఆంపియర్లు చూపిస్తే అది 40, 50 వాట్ల లైటు అన్నమాట. ఇలాంటి లైట్లలో వాటుకు సుమారు వంద లూమెన్లు వస్తే మంచిదనే అనుకోవాలి. అలాంటప్పుడు 50 వాట్ల లైటుకు 20 వేల లూమెన్లు ఎక్కడినుంచి వస్తాయి? అసలు లూమెన్లంటే లైటు చిమ్మే మొత్తం వెలుగు. అందులో రోడ్డు మీద పడేది ఎంత, ఆకాశంలోకి పోయేది ఎంత అని ఆ అంకె చెప్పదు. ‘500 మీటర్ల దూరం’ అనే మాట దగ్గరా ఒక కిటుకు ఉంది. ఎంత వెలుగు దగ్గర ఆ దూరం కొలిచారని అడగండి. ఒక చోట పడే వెలుగుకు కొలత లక్స్. కొందరు తయారీదారులు 1 లక్స్ దగ్గర కొలుస్తారు. కొందరు 0.25 లక్స్ దగ్గర, అంటే పున్నమి వెన్నెలంత వెలుగు దగ్గర కొలుస్తారు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒకే లైటుకు మొదటి లెక్కలో 250 మీటర్లు, రెండో లెక్కలో 500 మీటర్లు వస్తాయి. నీళ్లు చొరబడకుండా ఐపీ67 గానీ అంతకన్నా మెరుగైనది గానీ ఉండాలి. 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా తట్టుకుంటుందని అర్థం. వాగులు దాటే మీకు అది అవసరం. వెనుక వేడి పోయేందుకు దళసరి అల్యూమినియం రెక్కలున్నాయా లేదా చేత్తో ఎత్తి చూడండి. బరువే చెబుతుంది. పల్చటివి వేడెక్కిన పది నిమిషాలకే మసకబారతాయి. ఇంకో సంగతి, వెలిగించినప్పుడు కారు రేడియోలో ఎఫ్‌ఎం గరగరలాడితే లోపలి సర్క్యూట్ నాసిరకమని లెక్క.

మీ 20 వేలలో నాలుగైదు వేలు వైరింగుకు పక్కన పెట్టండి. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు. 55 వాట్ల లైట్లు రెండు పెడితే 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. ఆ విద్యుత్తును డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా నేరుగా పంపితే స్విచ్చి కాలుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడినుంచి రిలే 30వ పిన్నుకు, 87వ పిన్ను నుంచి లైట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. 86కు స్విచ్చి నుంచి సన్నని తీగ, 85కు ఎర్త్. ఎలక్ట్రీషియన్‌కు ఇదంతా తెలిసే ఉంటుంది. అయినా పక్కన నిలబడి చూడండి. ఫ్యూజును లైటు దగ్గర పెడతానంటే ఒప్పుకోకండి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే మంట లేస్తుంది, దాన్ని ఆపేది ఏదీ ఉండదు. కంపెనీ వైర్లను కోసి అతుకులు వేయనివ్వకండి, వారంటీకి చిక్కు వస్తుంది. తీగలకు గొట్టం తొడిగించి, ఎగ్జాస్టుకు, కదిలే భాగాలకు దూరంగా కట్టించండి. తోట దారి కుదుపులకు మొదట తెగేది వదులుగా వేలాడే తీగే.

బిగించడం అయ్యాక అసలు పని మిగిలి ఉంటుంది, అదే గురి పెట్టడం. సమతలంగా ఉన్న చోట, గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో బండి ఆపండి. నేలనుంచి ఫాగ్ ల్యాంపు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయండి. దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత. లైటు పైఅంచు ఈ రెండో గీత మీద కూర్చోవాలి. అంటే 2 శాతం వాలు. లైటు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కాంతి 30 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అంతకు మించి మీకు రోడ్డు కనిపించదు, ఫాగ్ ల్యాంపు పని అంతే. తడిసిన తారు మీద 40 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే, మీరు గమనించి బ్రేకు తొక్కి బండి ఆగేసరికి దాదాపు ఆ 30 మీటర్లూ అయిపోతాయి. దిగుడులో ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి మంచులో ఎక్కేటప్పుడైనా 40 దాటకండి, దిగేటప్పుడు 25, 30 చాలు.

గురి పెట్టే రోజున బండిలో మామూలుగా వేసుకునే బరువు వేసుకోండి. థార్ ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. కాఫీ బస్తాలు వేసినప్పుడు వెనుక భాగం 5 సెంటీమీటర్లు కుంగిందంటే, మీరు ఇచ్చిన 2 శాతం వాలు మొత్తం మాయమైపోతుంది. లైటు తిన్నగా ఎదుటివారి కళ్లలోకి పోతుంది.

ఎదుటివారంటే ఎవరో మీకు నాకంటే బాగా తెలుసు. సంత రోజున తెల్లవారకముందే నెత్తిన బుట్టలతో, భుజాన కావడితో రోడ్డు అంచున నడిచివచ్చే మనుషులు. వాళ్ల చేతిలో లైటు ఉండదు. మీ బార్ లైటు కళ్లలో పడితే వాళ్లకు కొన్ని క్షణాలు ఏమీ కనిపించదు, పక్కనేమో లోయ. ఎదురుగా వచ్చే ఆర్టీసీ డ్రైవరుకూ, నిండుగా జనాన్ని ఎక్కించుకున్న జీపు డ్రైవరుకూ అంతే. లైట్ల ఎంపికలో నేను ఇంత పట్టుదలగా మాట్లాడుతున్నది ముఖ్యంగా వీళ్ల కోసమే.

చట్టం కూడా ఇటువైపే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన ప్రకారం ముందు లైట్లు ఎదుటివారి కళ్లు చెదరని విధంగా కిందికి వంగి ఉండాలి. 111వ నిబంధన ప్రకారం, రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదు. అందువల్ల ఆ బార్ గానీ పెద్ద స్పాట్ లైట్లు గానీ పెడితే పోలీసులు ఆపడం సమంజసమే. ఫాగ్ ల్యాంపుల చోట సరైన గురితో ఉన్న ఫాగ్ ల్యాంపులకు ఆ ఇబ్బంది ఉండదు. తోట కోసం పెట్టే రెండో జత మాత్రం, కప్పు వేసినా, చట్టపరంగా అంత నిశ్చింతైనది కాదు. పెట్టే ముందు మీ రవాణా కార్యాలయంలో ఒకసారి అడగండి. లైట్లు బిగించడానికని ముందు ఇనుప కడ్డీల బుల్ బార్ వేయించమని ఎవరైనా చెబితే అసలే వినకండి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని అనుమతించవద్దని రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు పాదచారికి అవి ప్రాణాంతకం, మీ ఎయిర్‌బ్యాగులు సరిగ్గా తెరుచుకోకుండానూ చేయగలవు.

ఇక పొగమంచులో నడిపేటప్పుడు: హై బీమ్ వద్దు. డిమ్, ఫాగ్ ల్యాంపులు రెండూ వేయండి. మంచు మరీ చిక్కబడి డిమ్ కూడా తెల్లగోడ లేపుతుంటే వేగం ఇంకా తగ్గించి, రోడ్డు ఎడమ అంచును చూస్తూ వెళ్లండి. అదీ కుదరకపోతే రోడ్డు మీద కాకుండా, పూర్తిగా పక్కకు దిగి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి ఉంచండి.

డబ్బు గనక ఇంకా మిగిలితే, రెండో జత కంటే ముందు ఒక ఎర్ర ఫాగ్ ల్యాంపు కొని వెనుక, కుడివైపున పెట్టించండి. లంబసింగికి మేఘాలు చూడటానికి వచ్చే బండ్లు శని, ఆదివారాల్లో మీ వెనుకే ఘాట్ ఎక్కుతాయి. వాళ్లకు ఆ మలుపులు కొత్త. మామూలు టెయిల్ ల్యాంపు పొగమంచులో చాలా దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. మంచు వీడగానే దాన్ని ఆర్పేయండి. లేకపోతే దాని వెలుగులో మీరు వేసే బ్రేకు లైటు వాళ్లకు తెలియదు.